డింగుకూ డాంగుకూ మధ్య

మోగలేదు. మోగుతుందిలే, కొంపలేం మునిగిపోలేదు, వెనక సందులో వీధిదీపం ఇంకా వెలగనేలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని ఆమె కుర్చీని మరికాస్త గోడకేసి జరుపుకుంది. కుర్చీ జరిపినంత మాత్రాన గంట తొందరగా మోగుతుందా? మోగదు. ఆ సంగతి ఇంకెవరికైనా తెలియకపోవచ్చు గాని ఆమెకు తెలియకపోవడమేమిటి, ఇన్నేళ్లుగా తిండి పెడుతున్న పని అదేనాయె. ఎవరింట్లో బల్బు కొట్టుకున్నా, ఎవరి మోటారు మొరాయించినా, కరెంటక్కని పిలవండి అంటారు. అసలు పేరు అమ్మకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు, ఆ అమ్మ కూడా ‘ఏమే’ అనే పిలుస్తుంది. అలాంటి కరెంటక్క ఇవాళ పని మానుకుని, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా పొద్దున్నే తొడుక్కుని, మేడమీద గదిలో ఒక కాలింగ్ బెల్లుకు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది. బటన్ కింద వీధి తలుపు పక్కన ఉంది. బటన్‌కీ బెల్లుకీ మధ్య మెట్లు, మెట్ల వెంబడి గోడలో తీగ. ఈ గదికి ఉన్న ఒక్క కిటికీలోంచి వెనక సందే కనిపిస్తుంది, వీధి తలుపు దగ్గర ఎవరున్నారో చూడాలంటే దిగి వెళ్లాలి. దిగదు. చచ్చినా దిగదు. మాట అంటే మాటే. ఆ మాట పెట్టింది కూడా తనేనాయె, పోయిన వారం ప్రింటింగ్ ప్రెస్సులో, ఆయన మెషీను ఆపించి మరీ. ‘మీకు మాటలు రావు, నాకు మాటలు ఆగవు. అందుకని మీరేం చెప్పొద్దు. ఫోన్ చెయ్యొద్దు, మెసేజీ అసలే వద్దు. నాతో కలిసి బతకడం ఇష్టమైతే ఆదివారం వీధిదీపాలు వెలిగేలోపు వచ్చి మా ఇంటి గంట నొక్కండి. గంట మోగితే సరేనని. మోగకపోతే నేనేం అడగను. మీ మెషీను చెడిపోతే ఎప్పటిలాగే వచ్చి బాగుచేస్తాను.’ ఆయన తలూపాడు. ఆ ఊపు సరేననా, విన్నాననా, ఆలోచిస్తాననా, వారం నుంచీ అర్థం కాలేదు.

పైగా ఇది పాత బెల్లు కూడా కాదు. పాతది గొంతు పట్టేసిన కాకిలా అరిచేది, అది మోగినప్పుడల్లా అమ్మ ‘ఏం మూడిందో ఏమో’ అనుకుంటూ లేచేది, వచ్చింది పాలవాడైనా సరే. అలాంటి మోతతో ఒక మనిషి ఈ ఇంట్లో అడుగుపెట్టడమేమిటని నిన్న సామాన్ల కొట్లో నిలబడి ఉండగా తోచింది, తోచిందే తడవు కొత్తది కొనేసింది. నొక్కితే డింగ్, వదిలితే డాంగ్. లోపల పెద్ద మాయేం లేదు, ఒక తీగచుట్ట, దాని నడుమ ఒక ఇనప పుల్ల, అటొక రేకు, ఇటొక రేకు. బటన్ నొక్కగానే పుల్ల ఎగిరి ఒక రేకును కొడుతుంది, అది డింగ్. వేలు తీసేదాకా అక్కడే ఉండిపోతుంది. తీయగానే వెనక్కొచ్చి రెండో రేకును కొడుతుంది, అది డాంగ్. పొద్దున్న స్టూలెక్కి, పెదాల మధ్య స్క్రూలు పట్టుకుని దీన్ని బిగిస్తున్నంతసేపూ ఆమె లోపల్లోపల పాట పాడుకుంటూనే ఉంది, స్క్రూలు జారిపోతాయని నోరు విప్పలేదంతే. సగంలో ఉండగా అమ్మ వంటింట్లోంచి కేకేసింది, ఏమే, ఆయన టీలో చక్కెర వేసుకుంటాడా వేసుకోడా అని. స్టూలు దిగి, వంటింటి గుమ్మంలో నిలబడి, నోట్లో స్క్రూ తీసి జేబులో వేసుకుని, తెలీదమ్మా అంది. అమ్మ చూసిన చూపు! ఒక మనిషిని జన్మంతా నాతో ఉండమని అడిగేసి వచ్చావు, చక్కెర సంగతి కనుక్కోలేదా అన్నట్టు. నిజమే మరి. ప్రెస్సులో టీ కొట్టు నుంచే కలిపి వస్తుంది, అందరికీ ఒకటే తీపి. ఆయన వేసుకుంటాడో, ఇచ్చింది మాట్లాడకుండా తాగేస్తాడో ఎవరికి తెలుసు? ఆ తెలియనిది తలలో తిరుగుతుండగానే తిరిగొచ్చి, మూత పెట్టేసి, అలవాటు ప్రకారం మోగించి చూద్దామని మెట్ల దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. పని ముగిశాక మోగించి చూడకుండా చేతులు కడుక్కోకూడదు, అది నాన్న నేర్పిన మొదటి సంగతి, ఇన్నేళ్లలో ఒక్కనాడూ తప్పలేదు. ఇవాళ తప్పింది. ఈ గంట మొదటి మోత ఆయనదే కావాలనిపించింది. తనే నొక్కి చూసుకుంటే ఎంగిలి చేసినట్టు ఉంటుందనిపించింది. ఎవరైనా వింటే నవ్వుతారు, నవ్వనీ.

మోగలేదు. కింద వీధిలో సైకిల్ గంట. అది కాదు. పక్కింట్లో కుక్కర్ కూత. అదీ కాదు. అసలు గంట బతుకే ఇంత గదా అనుకుంది, రోజంతా తెరిచి ఉన్న సర్క్యూట్‌లో పడుంటుంది, ఎవరో వచ్చి వేలు ఆనించిన ఆ కాసేపే మూసుకుని మాట్లాడుతుంది. మిగతా బతుకంతా ఎదురుచూపే. తెరవడం, మూయడం, ఈ గొడవ మీద చిన్నప్పుడు నాన్న తల తినేసింది తను. నాన్న ఈ బల్ల మీదే బ్యాటరీ, బుల్లి బల్బు, తీగముక్కలు పరిచి, సర్క్యూట్ తెరిచి ఉంటే కరెంటు పారదు, మూసి ఉంటే పారుతుంది అనేవాడు. అదెలా నాన్నా, తలుపు మూస్తే ఎవరైనా ఎలా వెళ్తారు, తెరిస్తే కదా వెళ్లేది అని ఈమె. ఇది తలుపు కాదే పిచ్చితల్లీ, చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డ పిల్లలనుకో, అందరూ పట్టుకుంటే మూసుకున్నట్టు, ఒక్కళ్లు వదిలేసినా తెరుచుకున్నట్టు, ఇక ఆట లేదు అని ఆయన. వంటింట్లోంచి అమ్మ, మీ కరెంటుకి మర్యాద తెలీదు, తెరిచిన ఇంటికి రాదట, మూసిన ఇంటికి వస్తుందట అని. నాన్న నవ్వీ నవ్వీ బల్బు జారవిడిచాడు. ఆ బల్బు పగిలిన చప్పుడు కూడా ఇప్పటికీ బాగుంటుంది తలుచుకుంటే. ఆయన ఇంకోటి అనేవాడు, కరెంటు మహా ఇంటిబెంగ గలది, బయల్దేరిన చోటికి తిరిగొచ్చే దారి ఉందని తేలితేనే కదులుతుంది, దారి ఎక్కడ తెగినా, చివరి వేలెడంత చోట తెగినా సరే, మొదటి అడుగు కూడా వెయ్యదు అని. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన స్క్రూ డ్రైవరు ఇప్పటికీ ఈమె సంచిలోనే ఉంది, పిడి మీద ఆయన బొటనవేలు అరగదీసిన గుంట ఈమె వేలికి సరిగ్గా సరిపోతుంది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఈమె కూడా అవే మాటలు చెబుతుంది, ఒకే తీగ మీద రెండు స్విచ్చులుంటే రెండూ వెయ్యాలండీ, ఒకటి వేసి రెండోదాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే దీపం వెలగదు అని. అదే ఇప్పుడు జరుగుతోంది కదా, నా స్విచ్చు నేను వేసేశాను, అడగవలసింది అడిగేశాను, ఇక ఆయన వంతు అనుకుని, ఆ లెక్క ఎంత సరిగ్గా కుదిరిందో అని కాసేపు తనను తాను మెచ్చుకుంది కూడా.

ఆయన. ప్రెస్సాయన అంటారందరూ, అచ్చు మెషీన్ల మేస్త్రి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన కళ్లు మూసుకుని, నడుస్తున్న మెషీను మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు, జ్వరం చూస్తున్నవాడిలా. ఏం చేస్తున్నారని అడిగితే, ‘వింటున్నానండీ’ అన్నాడు. ఆ మెషీన్ల హోరులో బతికి బతికి చెవులు సగానికి పైగా పోయాయి, మిగిలింది చేత్తో వింటాడు. ఆ రోజు చెడిపోయింది మెషీనుకున్న చిన్న నల్ల బటన్. కాగితం సరిచేసుకోవడానికి మెషీనును కొంచెం కొంచెంగా తిప్పుకునే బటన్ అది. నొక్కి పట్టుకున్నంతసేపే తిరుగుతుంది, వేలు తీస్తే టక్కున నిలబడిపోతుంది. బాగుచేసి, ఏదీ నొక్కి చూడండి అంటే, నొక్కి పట్టుకుని నిలబడ్డాడు, మెషీను నెమ్మదిగా తిరుగుతోంది, ఈయన తియ్యడు. చాలు, తియ్యండి అంది. తియ్యలేదు. వినపడలేదేమోనని గట్టిగా అంది, తియ్యండి అని. అప్పుడు తీసి, మొహమంతా వెలుగు నింపుకుని అన్న మాట ఈమెకు ఈ జన్మలో మరుపు రాదు.

“మీరొక్కరే నాతో మామూలుగా మాట్లాడారండీ. మిగతావాళ్లంతా గొణుగుతారు.”

గొణుగుతారట! ఈమె గొంతు సంగతి తెలియని వీధి లేదు. బడిలో పంతులమ్మ చివరి బెంచీలోకి పంపింది, అక్కడినుంచి మాట్లాడినా మొదటి బెంచీకి సరిపోతుందని. పెళ్లిచూపులకు వచ్చిన ఒకాయన, నెమ్మదిగా మాట్లాడటం నేర్పించుకోవాలి అన్నాడు, ఆయన్ని నెమ్మదిగానే సాగనంపింది. బస్సులో వెనక్కి తిరిగి చూస్తారు, సినిమాహాల్లో ‘ష్’ అంటారు. ఇన్నేళ్లూ ఈ గొంతును మడిచి, నొక్కి, జేబులో పెట్టుకుని తిరుగుతుంటే, ఎవరో వచ్చి అది సరిగ్గా ఉందన్నాడు. అక్కడే పడిపోయింది. పడిపోయానని తెలియడానికి ఇంకో నాలుగు రిపేర్లు పట్టింది, అందులో రెండు అసలు రిపేర్లే కావు, ఈమె కల్పించుకున్నవి. బోర్డు ఒకసారి చూసి పోదామని వచ్చాను అంటే ఆయన స్టూలు తుడిచి పెట్టేవాడు. కరెంటుగారూ అని పిలుస్తాడు. కరెంటుకు గారు తగిలించినవాడు భూమ్మీద ఇంకెవరైనా ఉన్నారా? అమ్మకు చెబితే పడీపడీ నవ్వి, మీ నాన్న కూడా అలాగే, ఫ్యూజు పోయిందని చెప్పడానికి కూడా సిగ్గుపడేవాడు అంది. ఆ మాటతో అమ్మ ఒప్పేసుకున్నట్టే లెక్క.

“ఏమే, మోగిందా?” అమ్మ వంటింట్లోంచి.

“మోగితే నీకు వినపడదా అమ్మా?”

“ఏమో, కొత్త గంట కదా, నెమ్మదిగా మోగుతుందేమో అనుకున్నా. టీ నీళ్లు మూడోసారి మరుగుతున్నాయి మరి.”

మరగనీ. సరేననే అంటాడు. ఎందుకనడు? అనకపోవచ్చు కూడా. పోయిన వారం తలూపిన తర్వాత ఒకే ఒక మాట అడిగాడు, ఉన్న ఆ కాస్త వినికిడి కూడా పోతే అప్పుడేం చేస్తారు కరెంటుగారూ, రోజంతా అరవడానికి ఓపిక ఉంటుందా అని. దానికి బదులు చెప్పనే లేదు తను, గంట సంగతే మళ్లీ గుర్తుచేసి, సంచి భుజాన వేసుకుని ప్రెస్సు మెట్లు దిగేసింది. చెప్పి ఉండాల్సింది. ఓపిక కాదండీ, అది నాకు విశ్రాంతి అని చెప్పి ఉండాల్సింది. గొణగకుండా ఉండగలిగే ఇల్లు ఒకటి దొరికితే చాలునని చెప్పి ఉండాల్సింది. మీకు పూర్తిగా వినపడని రోజు వస్తే చెయ్యి ఆనించి వినండి, మెషీను మాటే విన్నవారు నా మాట వినలేరా అని ఎంత చక్కగా చెప్పొచ్చు! మాటలన్నీ ఇప్పుడొస్తున్నాయి, గోడకు చెప్పుకోవడానికి. ఆయన ఈ వారమంతా ఆ ఒక్క ప్రశ్ననే తిప్పి తిప్పి చూసుకుని ఉంటాడు, జవాబు రాలేదంటే లేదనే కదా అనుకుని ఉంటాడు, మంచివాళ్లతో వచ్చిన చిక్కే ఇది, ఎదుటివాళ్లకు భారం కాకూడదని ముందే పక్కకు తప్పుకుంటారు. కిటికీలో ఆకాశం మెల్లగా రంగు మారుతోంది. సందులో ఒకావిడ ఆరేసిన దుప్పటి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. దిగి చూడనా, ఒక్కసారి, ఊరికే, చెత్త పారేయడానికన్నట్టు? వద్దు. గంట మోగితేనే. దిగి, వీధి ఖాళీగా కనిపిస్తే, ఆ ఖాళీ వీధి ఇక ఎప్పటికీ కళ్లలోంచి పోదు. ఇక్కడ కూర్చుంటే కనీసం ఇంకా మోగలేదు అనుకోవచ్చు, రాలేదు అనుకోనక్కర్లేదు.

అప్పుడు సందులో దీపం వెలిగింది. ముందు రెండుసార్లు కొట్టుకుంది, స్టార్టరు మార్చాలి దానికి అని చెయ్యి తనంతట తానే అనుకుంది, తర్వాత నిలకడగా, తెల్లగా, ఎవరి కష్టసుఖాలతోనూ పని లేనట్టు వెలిగింది. అయిపోయింది. సరే. రాలేదు. వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది, అంటే అమ్మ కూడా చూసిందన్నమాట. ఈమెకు చాలా బాధ కలిగింది. ఇంత అవుతుందని అనుకోలేదు. రాకపోతే రాకపోయాడు, నవ్వేసి ఊరుకుంటాను అనుకుంది గాని, ఆ నవ్వు ఎక్కడ పెట్టానో దొరకలేదు. రేపు మెషీను చెడిపోతే ఎలా వెళ్లను, ఆ స్టూలు మీద ఎలా కూర్చోను, కరెంటుగారూ అంటే ఏ మొహంతో పలకను? ముక్కు తుడుచుకుందామని చొక్కా జేబులో రుమాలు కోసం చెయ్యి పెట్టింది. రుమాలుతో పాటు ఏదో చల్లగా, చిన్నగా వేళ్లకు తగిలి, కింద పడి, గచ్చు మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

స్క్రూ. ఇత్తడిది, పొట్టిది. తీగను బిగించే స్క్రూ.

ఆమె దాన్ని చూసింది. అది ఆమెను చూసింది. బెల్లులో తీగలకు రెండే స్క్రూలు, ఒకటి పొద్దున్న స్టూలెక్కాక బిగించింది, రెండోది బిగించబోతుంటే చక్కెర అడ్డం వచ్చింది, నోట్లోంచి తీసి జేబులో, జేబులోంచి, జేబులోంచి ఎక్కడికీ వెళ్లలేదు! నా స్విచ్చు నేను వేసేశానట! నా లెక్క కుదిరిందట! నవ్వొచ్చింది, ఆ వెంటనే తట్టింది, అంటే ఆయన వచ్చి ఉండొచ్చు. వచ్చి, నొక్కి, పైనుంచి ఎవరూ దిగకపోతే అదే జవాబనుకుని, మాటా పలుకూ లేకుండా తిరిగి వెళ్లిపోయి ఉండొచ్చు. ఆయనకు గంట మోగిందో లేదో కూడా తెలియదు, వినపడదు కదా! ఊరందరి గంటలూ బాగుచేసే మనిషి, తన ఇంటి గంటకు ఒక తీగ వేలాడదీసి, దాని ముందే కూర్చుని ఆయన్ని తిట్టుకుంది. స్టూలు ఎటు పోయిందో తెలియలేదు, స్క్రూ తీసి పెదాల మధ్య పట్టుకుని కుర్చీయే ఎక్కేసింది, మూత ఊడబీకింది, అది ఎక్కడో పడింది. అదిగో, ఎర్ర తీగ, కొస వలిచి, తళతళలాడుతూ, దాని చోటికి వేలెడంత దూరంలో గాలిలో నిలబడి ఉంది. నాన్నా, వేలెడంతే నాన్నా అనుకుంది. స్క్రూ డ్రైవరు వెతికే ఓపిక లేదు, బెల్లుకొచ్చేది ట్రాన్స్‌ఫార్మరు తగ్గించి పంపే చిన్న కరెంటే, చేతికేం చెయ్యదు, రెండు వేళ్లతో తీగకొస పట్టుకుని దాని చోటికి ఆనించింది. రేపు పొద్దున్నే ప్రెస్సుకు వెళ్లి ఏం చెప్పాలో అనుకుంటూ ఆనించింది.

డింగ్.

ఆనించిన చెయ్యి తియ్యకుండా అలాగే పట్టుకుంది. తీగ ఆనిస్తే గంట మోగదు. తీగ ఆనించినా, కింద బటన్ మీద వేలు ఉంటేనే మోగుతుంది. వేలు ఉంటేనే. ఇప్పుడు, ఈ క్షణాన, కింద. డాంగ్ వస్తుందేమోనని ఆగింది. రాలేదు. ఇనప పుల్ల మొదటి రేకుకు అతుక్కుని సన్నగా ఝుమ్మంటోంది, వెనక్కి రావడం లేదు, అంటే నొక్కినవాళ్లు వదల్లేదు. నొక్కి పట్టుకుని వదలని మనిషి ఈ లోకంలో ఒక్కడే. పెదాల మధ్య స్క్రూను రెండో చేత్తో అందుకుని, నాలుగు తిప్పులు గోటితోనే తిప్పేసి కుర్చీ మీంచి దూకింది. ఏమే, మోగింది, అమ్మ కేక, సగమే మోగిందేంటే అని ఇంకో కేక, అప్పటికే ఈమె మెట్లలో ఉంది.

తలుపు తీసేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, బొటనవేలు బటన్ మీద ఆనించి, వీధిదీపం కింద బుద్ధిగా నిలబడి ఉన్నాడు.

“ఎంతసేపయింది మీరొచ్చి?”

“ఎండ ఉండగానే వచ్చానండీ. చెయ్యి మార్చుకుంటూ నొక్కుతున్నా. మీరు ఆలోచించుకుంటున్నారేమో, తొందరపెట్టకూడదని ఊరుకున్నా.”

ఊరుకున్నాడట, ఇంతసేపూ గంట నొక్కి పట్టుకుని ఊరుకున్నాడట! ఆ తీగ పొద్దున్నే బిగించి ఉంటే ఈపాటికి లోపల తీగచుట్ట మాడి బొగ్గయ్యేది, కొత్త గంట కాస్తా ఇక పలికేది కాదు. ఆ సంగతి చెప్పాలి, స్క్రూ సంగతి చెప్పాలి, చక్కెర సంగతి అడగాలి, అడిగిన ప్రశ్నకు వారం నుంచి బాకీపడ్డ జవాబు చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె గొణిగింది.

“మధ్యలో తియ్యాలనిపించలేదా?” అంది, తనకే వినపడనంత నెమ్మదిగా.

ఆయన వినడానికి ముందుకు వంగి, ఆమె పెదాల కదలికను చూసి, ఊహించుకుని చెప్పాడు.

“వదిలితే ఆగిపోతుంది కదండీ.”

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని బటన్ మీంచి తీసింది. పైన, మెట్ల చివర, డాంగ్ అంది. అంతవరకూ ఊపిరి బిగబట్టి ఉన్నట్టుంది అమ్మ, హమ్మయ్య, పూర్తిగా మోగింది, ఇక పైకి తీసుకురా, ఆ చక్కెర సంగతేదో నేనే కనుక్కుంటాను అని పైనుంచి వినిపించింది. ఆయనకు అవేవీ వినపడలేదు. గంటా వినపడలేదు, అమ్మా వినపడలేదు. పట్టుకున్న చేతిని చూసి, ఆమె మొహం చూసి, ఒక పనివాడు ఇంకో పనివాడిని అడిగినట్టు అడిగాడు.

“మోగిందాండీ?”

“మోగింది,” అంది ఆమె, ఎప్పటి గొంతుతోనే, వీధి వీధంతా వినపడేలా.